లాగే బలం వేరు, ఆపే బలం వేరు

ఎద్దుల బండి పల్లం దిగుతుంటే ఎప్పుడైనా చూశారా?

మెరక ఎక్కేటప్పుడు బండివాడు ఎద్దుల్ని అదిలిస్తాడు. పల్లం దిగేటప్పుడు అదిలించడు. పగ్గాలు బిగించి పట్టుకుంటాడు. బరువు బాగా ఉంటే బండి దిగిపోతాడు. వెనక్కి వెళ్ళి బండిని పట్టి ఆపుతాడు.

ఎందుకలా చేస్తాడు?

మెరక మీద ఎద్దులు బండిని లాగుతాయి. పల్లంలో బండే ఎద్దుల్ని నెడుతుంది. వెనక బరువు మరీ ఎక్కువైతే ఎద్దులు ఆగలేవు. కాళ్ళు తడబడి పడిపోతాయి. బండి వాటి మీదికి వస్తుంది.

ఈ సంగతి పాతకాలం రైతుకి బాగా తెలుసు. అందుకే బండి ఎంత లాగుతుందో చూసి బరువు వేసేవాడు కాదు. ఎంత ఆపగలమో చూసి వేసేవాడు.

ఇప్పుడు ఎద్దుల బండ్లు తగ్గాయి. ఊరూరా ట్రాక్టర్లు వచ్చాయి. వెనక ట్రాలీ వచ్చింది. దీన్ని కొన్ని ఊళ్ళలో ట్రక్కు అంటారు. కొన్ని ఊళ్ళలో తొట్టి అంటారు. ట్రాక్టరుకి ఎద్దుల కంటే బలం ఎక్కువ. ఎంత వేసినా లాగుతుంది. అందుకే మనిషికి ధైర్యం ఎక్కువైంది. "లాగుతోంది కదా, ఇంకో పది బస్తాలు వేయండి" అంటారు.

కానీ లాగే బలం వేరు. ఆపే బలం వేరు. ఈ పాఠంలో తెలుసుకోవలసింది ఈ ఒక్క మాటే.

ట్రాక్టరు బరువెంత? ట్రాలీ బరువెంత?

మన ఊళ్ళలో ఎక్కువగా కనిపించే ట్రాక్టరు బరువు సుమారు 20 క్వింటాళ్ళు. అంటే 2,000 కిలోలు.

ఖాళీ ట్రాలీ బరువు 10 నుంచి 15 క్వింటాళ్ళు ఉంటుంది. 12 క్వింటాళ్ళు అనుకుందాం.

దానిలో ధాన్యం వేశారు. ఒక్కో బస్తా 75 కిలోలు. 60 బస్తాలు వేశారు.

60 బస్తాలు × 75 కిలోలు = 4,500 కిలోలు. అంటే 45 క్వింటాళ్ళు.

ట్రాలీ 12, ధాన్యం 45. మొత్తం 57 క్వింటాళ్ళు.

ముందు ఉన్న ట్రాక్టరు 20 క్వింటాళ్ళు. వెనక ఉన్న బరువు 57 క్వింటాళ్ళు. అంటే వెనక బరువు ముందు బరువుకి దాదాపు మూడింతలు!

ఇంకో సంగతి. ట్రాక్టరుకి బ్రేకులు ఉంటాయి. ఊళ్ళలో తిరిగే చాలా ట్రాలీలకి బ్రేకులు ఉండవు. కాబట్టి ట్రాక్టరు తనని తాను ఆపుకోవాలి. తనకి మూడింతలున్న బరువునీ ఆపాలి. రెండు పనులూ ఆ చిన్న బ్రేకులే చేయాలి.

ఇసుక వేసినా, ఇటుక వేసినా ఇంతే. ఒక ఇటుక సుమారు 3 కిలోలు ఉంటుంది. వెయ్యి ఇటుకలు అంటే 30 క్వింటాళ్ళు. తడి ఇసుక పొడి ఇసుక కంటే బరువు. చూడడానికి ట్రాలీ సగమే నిండినట్టు ఉంటుంది. బరువు మాత్రం హద్దు దాటిపోతుంది. కంటికి కనిపించేది ఎత్తు మాత్రమే. బరువు లెక్క కడితేనే తెలుస్తుంది.

పల్లంలో ఏమవుతుంది?

చెరువు కట్ట దిగాలి. కాలువ వంతెన దిగాలి. ఇలాంటి చోటే ప్రమాదం పొంచి ఉంటుంది.

కొందరు డ్రైవర్లు పల్లం రాగానే గేరు తీసేస్తారు. దీన్ని న్యూట్రల్ అంటారు. డీజిలు కలిసి వస్తుందని వాళ్ళ ఆశ. గేరు తీసేస్తే ఇంజనుకీ చక్రాలకీ సంబంధం తెగిపోతుంది. గేరులో ఉన్నంతసేపు ఇంజను చక్రాల్ని పట్టి ఉంచుతుంది. గేరు తీస్తే ఆ పట్టు పోతుంది. వెనక బరువు ముందుకి తోస్తుంది. వేగం పెరుగుతుంది. అప్పుడు మళ్ళీ గేరు వేద్దామన్నా పడదు. క్లచ్చి తొక్కి పట్టుకున్నా ఇదే జరుగుతుంది.

అప్పుడు డ్రైవరు గట్టిగా బ్రేకు తొక్కుతాడు. ట్రాక్టరు ఆగాలని చూస్తుంది. ట్రాలీ ఆగదు. అది ట్రాక్టరు వెనక భాగాన్ని పక్కకి నెడుతుంది. ట్రాక్టరూ ట్రాలీ కత్తెరలా మడత పడతాయి. ట్రాక్టరు పక్కకి దొర్లుతుంది. కట్ట మీద అయితే నేరుగా నీళ్ళలోకి పోతుంది.

వేగం గురించి ఒక లెక్క ఉంది. వేగం రెండింతలైతే, బ్రేకు వేశాక బండి ఆగే దూరం రెండింతలు కాదు, నాలుగింతలు అవుతుంది. అందుకే బరువున్న బండి పల్లం మొదలు కాకముందే నెమ్మదించాలి. తక్కువ గేరు పైనే వేసుకోవాలి. సగం దిగాక వేద్దామంటే కుదరదు.

మరొకటి. ట్రాక్టరుకి కుడి పక్క బ్రేకు పెడళ్ళు రెండు ఉంటాయి. ఒకటి ఎడమ చక్రానికి, ఇంకొకటి కుడి చక్రానికి. పొలంలో చటుక్కున మళ్ళడానికి ఒక్కదాన్నే తొక్కుతారు. రోడ్డు మీదికి వస్తే ఆ రెండింటినీ కలిపి కొక్కెం వేయాలి. వేయడం మరిచిపోతే ఒక పక్క చక్రమే ఆగుతుంది. బండి గిర్రున తిరిగి తిరగబడుతుంది.

ముందు చక్రాలు ఎందుకు లేస్తాయి?

బండిలో బరువంతా వెనక వేస్తే ఏమవుతుంది? కాడి పైకి లేస్తుంది. ఎద్దుల మెడలకి పలుపులు బిగుసుకుంటాయి. బరువంతా ముందు వేస్తే కాడి ఎద్దుల మెడ మీద కూర్చుంటుంది. అందుకే బండివాడు ఇరుసు చూసుకుని బరువు సర్దుతాడు.

రెండు చక్రాల ట్రాలీకి కూడా ఇదే సూత్రం. బరువు మరీ ముందుకి ఉంటే ట్రాలీ కొక్కెం ట్రాక్టరు వెనక భాగాన్ని కిందికి నొక్కుతుంది. ముందు చక్రాలు తేలిపోతాయి. స్టీరింగు ఎంత తిప్పినా బండి మళ్ళదు. బరువు మరీ వెనక్కి ఉంటే ట్రాలీ ట్రాక్టరుని పైకి ఎత్తుతుంది. ట్రాక్టరు వెనక చక్రాలకి నేల మీద పట్టు తగ్గుతుంది. ట్రాలీ అటూ ఇటూ ఊగుతుంది.

బరువు ఇరుసు దగ్గర ఉండాలి. కొంచెం ముందుకి ఉంటే మంచిది. ఎడమ, కుడి సమానంగా ఉండాలి. ఎత్తు తక్కువగా ఉండాలి. గడ్డి బరువు తక్కువే కదా అని మేడంత ఎత్తు వేస్తారు. మలుపులో ఆ ఎత్తే ట్రాలీని పడేస్తుంది.

బురదలో దిగబడితే

వాన పడింది. ట్రాలీ బురదలో దిగబడింది. డ్రైవరు ఇంజనుని గట్టిగా రేజ్ చేస్తాడు. వెనక చక్రాలు తిరగవు. ఇంజను బలం ఎక్కడికి పోవాలి? చక్రం తిరగకపోతే ట్రాక్టరే తిరుగుతుంది. ముందు చక్రాలు పైకి లేస్తాయి. ట్రాక్టరు వెనక్కి తిరగబడుతుంది. ఒకటి, రెండు అని లెక్కపెట్టే లోపే ఇది జరిగిపోతుంది. డ్రైవరుకి దూకే సమయం ఉండదు.

కొందరు వెనక చక్రానికి దుంగ కట్టి లాగిస్తారు. ఇది ఇంకా ప్రమాదం. కొందరు గొలుసుని కొక్కేనికి కాకుండా పైన ఎక్కడో కడతారు. ఎంత పైన కడితే ట్రాక్టరు అంత తేలిగ్గా వెనక్కి పడుతుంది. గొలుసు ఎప్పుడూ కింద ఉన్న కొక్కేనికే కట్టాలి.

దిగబడితే ముందు బరువు దించాలి. చక్రాల ముందు మట్టి తవ్వాలి. ట్రాక్టరుని వెనక్కి నడిపి చూడాలి. వేరే ట్రాక్టరుతో లాగించేటప్పుడు అందరూ దూరంగా నిలబడాలి. మోకు తెగినా, గొలుసు తెగినా కొరడాలా వచ్చి కొడుతుంది. మోకు ఎంత పొడవుందో అంతకి రెండింతల దూరంలో ఉండాలి. ట్రాక్టరుకీ ట్రాలీకీ మధ్యన మాత్రం ఎవరూ నిలబడకూడదు.

కళ్ళం దగ్గర

ఇప్పుడు ఒక చిన్న కథ చదవండి.

కోతలు అయిపోయాయి. కళ్ళంలో 80 బస్తాల ధాన్యం ఉంది. సాయంకాలం అవుతోంది. మబ్బు పట్టింది. ఆడకూలీలు ఎనిమిది మంది బస్తాలు ఎత్తుతున్నారు. ట్రాక్టరు డ్రైవరు కుర్రవాడు. ఇరవై రెండేళ్ళు ఉంటాయి.

రైతు తొందర పడుతున్నాడు. "వాన వచ్చేటట్టుంది. ఎనభైయ్యీ ఒక్కసారే వేసేయండి. మీరంతా బస్తాల మీద ఎక్కండి. ఊళ్ళో దిగిపోదురు గాని" అన్నాడు.

ముఠాలో పెద్దావిడ బస్తా దించి నిలబడింది. "ఏం నాయనా, ఎనభై లాగుతుందా?" అని డ్రైవరుని అడిగింది.

"లాగుద్ది అత్తా! మా బండి కొత్తది" అన్నాడు డ్రైవరు.

"లాగడం సరే. కాలువ వంతెన దిగేటప్పుడు ఆగుద్దా?"

డ్రైవరు నవ్వాడు గాని జవాబు చెప్పలేదు.

పెద్దావిడ కోడలు ఆ ఏడే చదవడం నేర్చుకుంది. లెక్కలు కూడా వచ్చాయి. "అన్నా, ట్రాలీ కాగితం ఉందా? ఒకసారి చూపించు" అని అడిగింది.

డ్రైవరు సీటు కింద సంచిలోంచి కాగితం తీశాడు. అందులో మాటలు ఇంగ్లీషులో ఉన్నాయి. అంకెలు మాత్రం ఆమెకి తెలుసు. ఒక చోట 1,200 అని ఉంది. ఇంకో చోట 5,000 అని ఉంది.

"ఈ పన్నెండొందలు ఏంటన్నా?"

"అది ఖాళీ ట్రాలీ బరువు చెల్లీ. అయిదు వేలంటే సరుకుతో కలిపి మొత్తం ఉండాల్సిన బరువు."

ఆమె పుల్ల తీసుకుని నేల మీద లెక్క వేసింది.

5,000 − 1,200 = 3,800 కిలోలు.

50 బస్తాలు × 75 = 3,750 కిలోలు.

80 బస్తాలు × 75 = 6,000 కిలోలు.

"యాభై బస్తాలే పడతాయి. ఎనభై వేస్తే ఇరవై రెండు క్వింటాళ్ళు ఎక్కువ. ఇంకో ట్రాక్టరుని ట్రాలీలో ఎక్కించినట్టే" అంది కోడలు.

రైతుకి కోపం వచ్చింది. "రెండు ట్రిప్పులు వేస్తే డీజిలు ఎవరిస్తారు? వానకి తడిస్తే నా ధాన్యం ఎవరిస్తారు?"

పెద్దావిడ నెమ్మదిగా చెప్పింది. "అన్నా, నీ కష్టం మాకు తెలీదా? ఇంకో ట్రిప్పుకి వందలు ఖర్చవుతాయి. బండి తిరగబడితే లక్షలు పోతాయి. ఈ పిల్లాడి ప్రాణం పోతే ఎన్ని బస్తాలకి కొనగలం? ముందు యాభై పోనీ. మిగతా ముప్ఫై మీద పరదా కప్పుదాం. బండి తిరిగి వచ్చేదాకా మేం ఇక్కడే ఉంటాం. దానికి వేరే కూలి అడగం."

రైతు కాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత పరదా తెమ్మని కొడుకుని పంపాడు.

యాభై బస్తాలు ఎత్తారు. ఇరుసు మీదుగా సర్దారు. మోకు బిగించారు. డ్రైవరు కొక్కెం దగ్గర పిన్ను చూశాడు. అది ఊడిపోకుండా తాళం పిన్ను పెట్టాడు. బ్రేకు పెడళ్ళు రెండూ కలిపి కొక్కెం వేశాడు. వంతెన రాకముందే తక్కువ గేరులోకి దించాడు. బండి నెమ్మదిగా దిగింది. ట్రాలీ మీద ఎవరూ లేరు.

గంటలో తిరిగి వచ్చాడు. మిగిలిన ముప్ఫై కూడా చీకటి పడకముందే ఊరు చేరాయి. ఎనిమిది మందీ నడిచి ఇళ్ళకి వెళ్ళారు.

ట్రాలీ సరుకు కోసం

ట్రాలీ సరుకు మోయడానికి చేసింది. అందులో మనుషులు కూర్చునే సీట్లు ఉండవు. పట్టుకోవడానికి ఆధారం ఉండదు. అయినా నాట్లకీ, కలుపుకీ, మిరపకాయ కోతకీ ఆడకూలీల్ని అందులోనే తీసుకుపోతారు. పెళ్ళిళ్ళకీ జాతరలకీ కూడా ట్రాలీలోనే పోతారు.

2018 ఏప్రిల్ 6న నల్గొండ జిల్లాలో కూలీలతో వెళ్తున్న ట్రాక్టరు కాలువలో పడింది. 9 మంది చనిపోయారు. వాళ్ళు మిరప తోటలో పనికి వెళ్తున్నారు.

అదే సంవత్సరం జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలంలో మరో ట్రాక్టరు మూసీ కాలువలో పడింది. 15 మంది చనిపోయారు. వాళ్ళలో దాదాపు అందరూ ఆడవాళ్ళే. పత్తి చేలో పనికి బయలుదేరిన వాళ్ళు.

2022 అక్టోబరు 1న ఉత్తరప్రదేశ్‌లోని కాన్పూరు దగ్గర గుడికి వెళ్ళి వస్తున్న ట్రాక్టరు ట్రాలీ చెరువులో పడింది. పాతిక మందికి పైగా చనిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళూ పిల్లలే.

ఈ మూడు చోట్లా ట్రాలీలో ఉన్నది ధాన్యం కాదు, ఇసుక కాదు. మనుషులు. మూడు చోట్లా పక్కన నీళ్ళున్నాయి. ట్రాలీ నీళ్ళలో బోర్లా పడితే దాని కింద ఉన్నవాళ్ళు బయటికి రాలేరు. ఈత వచ్చినా లాభం లేదు.

సరుకు మీద కూర్చోవడం ఇంకా ప్రమాదం. బస్తా జారితే మనిషీ జారుతుంది. మడ్‌గార్డు మీద కూర్చుంటే చిన్న కుదుపుకే వెనక చక్రం కింద పడతారు. కొక్కెం మీద నిలబడితే ట్రాలీ చక్రాల కింద పడతారు.

చట్టం ఏం చెబుతోంది?

మోటారు వాహనాల చట్టం 1988లో వచ్చింది. ప్రతి బండికీ ఇంత బరువే అని హద్దు ఉంటుంది. అది రిజిస్ట్రేషన్ కాగితంలో రాసి ఉంటుంది. ట్రాక్టరు ఎంత బరువు లాగవచ్చో కంపెనీ ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. రెండింటిలో ఏది తక్కువైతే దాన్నే పాటించాలి.

2019లో చట్టాన్ని సవరించారు. హద్దు దాటి బరువు వేస్తే 20,000 రూపాయలు జరిమానా అని అందులో ఉంది. ఆపైన ఎక్కువైన ప్రతి టన్నుకీ 2,000 రూపాయలు. ఒక టన్ను అంటే 10 క్వింటాళ్ళు. ఎక్కువైన సరుకు దించే ఖర్చు కూడా బండివాళ్ళదే.

బీమా సంగతి కూడా తెలుసుకోవాలి. సరుకు ట్రాలీలో మనుషులు ఎక్కితే మాకు బాధ్యత లేదని బీమా కంపెనీలు కోర్టుల్లో వాదిస్తుంటాయి. అప్పుడు ఆ కుటుంబం డబ్బు కోసం ఏళ్ళ తరబడి తిరగాలి. మనిషీ పోయి, పరిహారమూ అందక పిల్లలు వీధిన పడతారు.

పనికి పిలిచేవాళ్ళు దూరమైతే ఆటో పెట్టాలి. లేదా బస్సు చార్జీ ఇవ్వాలి. ఒక్కరే అడిగితే "నువ్వు రాకు, ఇంకొకరు వస్తారు" అంటారు. ముఠా అంతా కలిసి అడిగితే అలా అనలేరు. కోతల ముందే, కూలి మాట్లాడుకునేటప్పుడే బండి సంగతి కూడా మాట్లాడుకోవాలి.

గుర్తుంచుకోండి

1. లాగింది కదా అని బరువు వేయకూడదు. ఆపగలదా అని చూడాలి.
2. బస్తాలు లెక్కపెట్టండి. బరువు కట్టండి. కాగితంలో అంకె చూడండి.
3. పల్లంలో గేరు తీయకూడదు. తక్కువ గేరులో దిగాలి.
4. రోడ్డు మీద రెండు బ్రేకు పెడళ్ళూ కలిపి ఉండాలి.
5. కొక్కెం పిన్నుకి తాళం పిన్ను ఉండాలి.
6. రాత్రి పూట ట్రాలీ వెనక ఎర్రగా మెరిసే బిళ్ళలు ఉండాలి. అవి లేకపోతే వెనక వచ్చే బండి గుద్దేస్తుంది.
7. సరుకు మీద, మడ్‌గార్డు మీద, కొక్కెం మీద ఎవరూ ఎక్కకూడదు. పిల్లల్ని అసలే ఎక్కించకూడదు.
8. ప్రమాదం జరిగితే 108కి ఫోను చేయాలి. ఊరి పేరు, దగ్గరలో ఉన్న గుర్తు స్పష్టంగా చెప్పాలి.

లెక్క చేయండి

ఖాళీ ట్రాలీ బరువు 1,200 కిలోలు. ఒక ఇటుక 3 కిలోలు. ట్రాలీలో 2,000 ఇటుకలు వేశారు.

ఇటుకల బరువు ఎంత?
ట్రాలీతో కలిపి మొత్తం ఎంత?
కాగితంలో 5,000 అని ఉంటే, ఎన్ని కిలోలు ఎక్కువ?

చెప్పండి, రాయండి

1. పల్లంలో బండివాడు పగ్గాలు ఎందుకు బిగిస్తాడు?
2. ట్రాలీలో బరువంతా వెనక వేస్తే ఏమవుతుంది?
3. కోడలు కాగితంలో ఏ రెండు అంకెలు చూసింది?
4. రైతు కోపం ఎందుకు తగ్గింది?

మాట్లాడుకోండి

మీ ఊళ్ళో బరువు బండి దిగే పల్లాలు ఎక్కడెక్కడ ఉన్నాయి? పక్కన కాలువ గాని చెరువు గాని ఉందా? వాటి పేర్లు పలక మీద రాయండి. ఆ చోట గోడ గాని, రాళ్ళ కట్ట గాని కావాలని పంచాయతీకి ఒక అర్జీ రాయండి. కింద అందరూ సంతకాలు చేయండి. వేలిముద్రలు వద్దు.